లీటరు లెక్క

మా రోజుల్లో బంకు దగ్గర బండి ఆపితే నోట్లోంచి వచ్చే మాట లీటర్లలో ఉండేది. రెండు లీటర్లు పొయ్యి, మూడు లీటర్లు పొయ్యి అనేవాళ్లం. ఇప్పుడు గంటసేపు నిలబడి విన్నా ఆ మాట వినపడదు. "వందకి కొట్టు", "రెండొందలకి కొట్టు". ఇంకొంచెం తెలివైనవాడు, వందకి కొట్టిస్తే మోసం చేస్తారని ఎవరో చెప్పగా విని, "నూట పదికి కొట్టు" అంటాడు. కొలత మీద అనుమానం ఉంటే దానికి దారి అది కాదు. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అడిగితే కళ్లముందే కొలిచి చూపించాలి. అది కొనేవాడి హక్కు. ఆ పాత్ర బయటికి తియ్యమని అడిగేవాళ్లు మాత్రం కరువైపోయారు.

రూపాయల్లో కొనేవాడికి తన బండి లీటరుకి ఎంత ఇస్తోందో ఎట్లా తెలుస్తుంది? తెలియదు. అడిగితే "అరవై ఇస్తుందండీ" అంటాడు. ఎవరు చెప్పారంటే షోరూమ్‌లో చెప్పారంటాడు. లేకపోతే మీటరు మీద కనపడుతోందిగా అంటాడు. ఆ మీటరు చూపించేది, ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుంది, చక్రం ఎంత తిరిగింది అని చూసి వేసే అంచనా. మంచి అంచనాయే కావచ్చు. కానీ మనం డబ్బిచ్చి పోయించుకున్న పెట్రోలుకీ ఆ అంకెకీ పొంతన కుదిరిందో లేదో ఒక్కసారైనా సరిచూసుకోవద్దా?

సరిచూడడం బ్రహ్మవిద్యేం కాదు. బండి మెయిన్ స్టాండు వేసి ట్యాంకు నిండా పోయించాలి. కిలోమీటర్లు రాసుకోవాలి. రెండు మూడొందల కిలోమీటర్లు మామూలుగా తిరిగి, మళ్లీ అదే బంకులో, అదే విధంగా స్టాండు వేసి, అదే మట్టానికి నింపించాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో ఆ లెక్కతో తిరిగిన కిలోమీటర్లని భాగించాలి. అయిదో తరగతి పిల్లాడు చేసే భాగహారం. లక్ష రూపాయలు పోసి బండి కొన్నవాడు ఆ భాగహారం చెయ్యడానికి ఎందుకు బద్ధకిస్తాడో నాకు అర్థం కాదు.

నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. ప్రకాశం జిల్లా పడమటి వైపు, పొదిలి, కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం చుట్టుపక్కల ఊళ్లు. బర్రెల లోన్లు, బావుల లోన్లు, పంట రుణాల వసూళ్లు. బస్సు దిగి నడిస్తే పని తెమలదు గనక బండి తప్పదు. బంకులు టౌన్లలోనే ఉండేవి. పల్లెల్లో కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్టి అమ్మేవాళ్లు. ధర ఎక్కువ, పైగా కిరసనాయిలు కలిపేవాళ్లు. ఆ సీసా పెట్రోలు పోస్తే బండి తెల్లారి స్టార్టవడానికి మొరాయించేది. కాబట్టి బయల్దేరేటప్పుడే లెక్క చూసుకోవాలి. ఈ పెట్రోలుతో ఎన్ని ఊళ్లు తిరిగి మళ్లీ పొదిలి చేరతాను, రిజర్వులో ఎక్కడ పడుతుంది? బ్యాంకు పెట్రోలు ఖర్చు నెలకింతని ఇచ్చేది. మిగిలితే ఇంటికి, చాలకపోతే జేబులోంచి. మైలేజీ అంటే మాకు ఊరికే చెప్పుకునే అంకె కాదు, పిల్లల పుస్తకాల డబ్బు.

మొదట రాజ్‌దూత్. గట్టి బండి, ఎట్లాంటి దారిలోనైనా పోతుంది, కానీ తాగుడు ఎక్కువ. టూ స్ట్రోక్ ఇంజన్ తయారీలోనే ఆ దుబారా ఉంది. సిలిండర్లోకి కొత్త పెట్రోలు గాలి వచ్చే దారీ, కాలిన పొగ బయటికి పోయే దారీ కాసేపు రెండూ ఒకేసారి తెరిచి ఉంటాయి. లోపలికి వచ్చినదాంట్లో కొంత మండకుండానే సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. డబ్బిచ్చి కొన్న పెట్రోలు పొగతోపాటు గాల్లో కలుస్తుంది. పెట్రోల్లో ఆయిలు కూడా కొలిచి పోయించుకోవాలి. పోశాక బండిని అటూ ఇటూ ఊపితే గానీ కలవదు. ఆయిలు తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే తెల్లటి పొగ, సైలెన్సరు నిండా మసి. ఆ మసి పేరుకుంటే బండికి ఊపిరాడదు, లాగదు, మైలేజీ పడిపోతుంది. అప్పుడు సైలెన్సరు విప్పి మంటల్లో కాల్చాలి. ఇంత తంటా పడి లీటరుకి నలభై తెప్పిస్తే మా మెకానిక్ షెడ్డులో వాణ్ణి గౌరవంగా చూసేవాళ్లు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు మీద టూ స్ట్రోకు బండి నడిపినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. దిగుడులో యాక్సిలేటరు పూర్తిగా మూసేసి గేర్లో దిగుతూ పోతే పెట్రోలు మిగులుతుంది, నిజమే. కానీ పెట్రోలుతో పాటే ఆయిలు కూడా అందదు. ఇంజను గిరగిరా తిరుగుతుంటుంది, లోపల తడి ఉండదు. అందుకని మధ్యమధ్యలో క్లచ్చి పట్టి ఒకసారి రైజ్ చేసి వదిలేవాళ్లం. ఎక్కడ మిగల్చాలో, ఎక్కడ మిగల్చకూడదో రెండూ తెలిసి ఉండేవి.

1985లో హర్యానాలోని ధారుహేడా నుంచి హీరో హోండా సీడీ 100 వచ్చింది. 97.2 సీసీ, ఫోర్ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిలు కలపక్కర్లేదు, పొగ లేదు, శబ్దం లేదు, లీటరుకి ఎనభై అని ప్రకటన. మొదట్లో మేమెవరమూ నమ్మలేదు. అంత చిన్న ఇంజను ఇద్దర్ని లాగుతుందా అన్నారు. బ్యాంకు లోను పెట్టి కొన్న తర్వాత నమ్మాల్సి వచ్చింది. మా జిల్లా ఎర్రమట్టి దారుల్లో ఎనభై రాకపోయినా, రాజ్‌దూత్ తాగినదాంట్లో సగంతో అదే పని చేసింది. పెట్రోలు పోయించి మూత బిగించి మరిచిపొండి అని చెప్పేవాళ్లు ఆ కంపెనీవాళ్లు. ఆ బండికి ఆ గొప్ప చెల్లుతుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ జనం బండి సంగతే మరిచిపోవచ్చనుకున్నారు. నా గొణుగుడు అక్కణ్ణుంచే మొదలు.

మా షెడ్డు సాయిబు మైలేజీ చూసే పద్ధతి చెబుతాను. ట్యాంకు నుంచి కార్బురేటరుకి వచ్చే పైపు ఊడదీసేవాడు. హ్యాండిలుకి తలకిందులుగా సెలైన్ సీసా కట్టి, దాని గొట్టం కార్బురేటరుకి తగిలించేవాడు. అందులో సరిగ్గా 100 మిల్లీలీటర్ల పెట్రోలు. మనల్ని ఎక్కమని, కనిగిరి రోడ్డు మీద నలభై దాటకుండా పొమ్మనేవాడు. పొయ్యేటప్పుడు ఎంత దూరమో తిరిగొచ్చేటప్పుడూ అంతే పొమ్మనేవాడు, ఎందుకంటే గాలి ఒకవైపు ఎదురైతే ఇంకోవైపు వెనకనుంచి తోస్తుంది, రెండూ కలిస్తేనే నిజం తేలుతుంది. సీసా ఖాళీ అయి బండి ఎక్కడ ఆగితే అక్కడ మీటరు చూసి పదితో హెచ్చించాలి. ఆరు కిలోమీటర్లకి ఆగితే లీటరుకి అరవై.

తక్కువొస్తే ఏం చేసేవాడనుకున్నారు? కార్బురేటరు మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు ప్లగ్గు విప్పి వెలుతురుకి పట్టి చూసేవాడు. కొన నల్లగా, తడిమసితో ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని లెక్క. తెల్లగా ఎండిపోయినట్టుంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజను కాగిపోతుంది. లేత గోధుమరంగు ఉంటే ఇంజను జోలికి పోవద్దు, తప్పు ఇంకెక్కడో ఉందని. అప్పుడు వెనక చక్రం చేత్తో తిప్పి వదిలేవాడు. అది ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో, ఏ చప్పుడుతో ఆగుతుందో చెవి పెట్టి వినేవాడు. బ్రేకు లైనింగు డ్రమ్ముకి రాసుకుంటుంటే సన్నగా ఒక గరగర. నట్టు ఒక చుట్టు వదులు చేసి మళ్లీ తిప్పేవాడు. చైను బిగువు వేలితో పైకీ కిందికీ ఆడించి అంగుళం ఆడుతోందో లేదో చూసేవాడు. టైర్లు నొక్కేవాడు. ఎయిర్ ఫిల్టరు తీసి బండకేసి దులిపేవాడు. ఇవన్నీ అయ్యాకే, ఇంకా అవసరమైతే, కార్బురేటరు విప్పి సూది మీది క్లిప్పు ఒక గాడి మార్చేవాడు. చాలామంది మెకానిక్కులు ముందే స్క్రూడ్రైవరు పట్టుకుని "మైలేజీ సెట్టింగ్ చేశానండీ" అని పెట్రోలు బిగబట్టేసి పంపించేవాళ్లు. రెండు రోజులు మైలేజీ వచ్చేది, తర్వాత బోరుకొచ్చేది.

ఇప్పుడు సర్వీసుకి బండి ఇస్తే అద్దాల గదిలో ఏసీ వేసి కూర్చోబెడతారు. కాఫీ ఇస్తారు. సాయంత్రానికి బండి తళతళలాడుతూ వస్తుంది. మా మనవడి బండి అట్లాగే ఒక పెద్ద సర్వీసు సెంటర్ నుంచి వచ్చింది. బిల్లులో వాటర్ వాష్, పాలిష్, ఇంకేదో కోటింగు, అన్నీ ఉన్నాయి. చైను ముట్టుకుంటే పొడిపొడిగా ఉంది. వెనక చక్రం తిప్పి చూద్దామంటే ఆ బండికి మెయిన్ స్టాండే లేదు. సైడ్ స్టాండు ఒక్కటే. చక్రం పైకి లేవని బండికి చైను ఎట్లా చూస్తాడు, బ్రేకు పట్టేసిందో లేదో ఎట్లా తెలుసుకుంటాడు? అందానికని తీసేశారట. ఇద్దరం కలిసి ఎత్తిపెట్టి చూస్తే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. ఆ బండితో వాడు నెలలుగా బ్రేకు వేసుకునే తిరుగుతున్నాడు, మైలేజీ రావడం లేదని కంపెనీని తిడుతున్నాడు.

టైర్లలో గాలి సంగతి ఇంకా అన్యాయం. బంకులో గాలి ఉచితం. పెట్రోలు పోయించుకుని పది అడుగులు తోస్తే గాలి పంపు ఉంటుంది. ఆ పది అడుగులు ఎవరూ తొయ్యరు. ముందు టైరుకి ఎంత, వెనక టైరుకి ఎంత, వెనక మనిషి కూర్చుంటే ఎంత అన్నది బండి మీదే స్టిక్కరు వేసి ఉంటుంది. చదివినవాడు లేడు. గాలి తగ్గిన టైరు రోడ్డుకి అతుక్కుని పోతుంది, ఆ అతుకు విడిపించడానికి ఇంజను అదనంగా కష్టపడాలి. ఇది చాలదన్నట్టు ఉన్న టైర్లు తీసేసి లావు టైర్లు వేయించుకుంటున్నారు, చూపుకి బాగుంటాయని.

కుర్రాళ్లని అడిగితే ఒకటే మాట. "తాతయ్యా, ఇప్పుడు మన చేతుల్లో ఏముంది, అంతా కంప్యూటరే చూసుకుంటుంది." 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మామూలు బళ్లలోనూ చాలావరకు కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది, నిజమే. చోకు లాగి మరిచిపోయే బాధ లేదు, సూది గాడులు లేవు. చల్లటి పొద్దున కూడా ఒక్క బటనుతో స్టార్టవుతుంది. అదంతా మంచికే వచ్చింది. అయితే కంప్యూటరు చేసే పనేమిటి? లోపలికి వచ్చిన గాలికి తగ్గ పెట్రోలు పొయ్యడం. ఎంత గాలి రావాలో చెప్పేది నీ మణికట్టు. నువ్వు యాక్సిలేటరు మెలితిప్పితే అది పోస్తుంది. పొయ్యక ఏం చేస్తుంది? మీటరు ఎంత ఖరీదైనదైనా మణికట్టుకి బుద్ధి చెప్పలేదు.

ఆ మణికట్టు ఎట్లా ఉందో చూడాలంటే హైదరాబాదులో ఏ సిగ్నలు దగ్గరైనా చాలు. ఎర్రలైటు పక్కన అంకెలు తొంభై నుంచి తగ్గుతుంటాయి. ఒక్క ఇంజనూ ఆగదు. పైగా ఊరికే రైజ్ చేస్తుంటారు. పెట్రోలు పొదుపు చెయ్యండి, సిగ్నలు దగ్గర ఇంజను ఆపండి అని పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ దశాబ్దాలుగా చెబుతూనే ఉంది, 1978లో పెట్టిన సంస్థ అది. కిక్కు కొట్టి స్టార్టు చెయ్యాల్సిన రోజుల్లో మేం ఆపేవాళ్లం. బొటనవేలితో నొక్కితే స్టార్టయ్యే రోజుల్లో వీళ్లు ఆపరు. పచ్చలైటు పడగానే బాణంలా దూకి, రెండొందల గజాల అవతల ఇంకో సిగ్నలు దగ్గర గట్టిగా బ్రేకు కొడతారు. బండికి వేగం ఇవ్వడానికే పెట్రోలు ఖర్చవుతుంది. బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఆ పెట్రోలంతా డ్రమ్ములో వేడిగా మారిపోతుంది. ముందు సిగ్నలు ఎర్రగా ఉందని దూరాన్నుంచే కనపడుతుంటే యాక్సిలేటరు ముందే వదిలితే ఏం పోతుంది? మా మనవడితో ఇదే అన్నాను. మైలేజీ చూసుకుంటూ పోతే ఆఫీసుకి ఎప్పటికి చేరతానన్నాడు. వాడూ పక్కన నెమ్మదిగా వచ్చినవాడూ అదే ఎర్రలైటు దగ్గర ఆగి ఉంటారు, చూసుకోమన్నాను.

హైవే మీద ఇంకో రకం. గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. నలభై అయిదులో పోయేవాడు డెబ్భైకి పెంచితే గాలి నెట్టే బలం రెండు రెట్లు దాటి రెండున్నరకి దగ్గరవుతుంది. వంద సీసీ బండి నలభై, యాభై మధ్య టాప్ గేర్లో సాఫీగా పోతున్నప్పుడు ఇచ్చే మైలేజీ ఎనభైలో ఎక్కణ్ణుంచి తెస్తుంది? అట్లాగని ముప్ఫైలోనే టాప్ గేరు వేసి ఇంజను కొట్టుకుంటుంటే లాగించడం పొదుపు కాదు. అది ఇంజనుకి చేటు. చెవితో వింటే గేరు ఎప్పుడు మార్చాలో బండే చెబుతుంది. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాడికి ఆ మాట ఎట్లా వినపడుతుంది?

దిగుడు రోడ్డులో న్యూట్రలు వేసేవాళ్లకి ఒక మాట. మీ తండ్రులు చేశారని మీరూ చేస్తున్నారు. ఇంజెక్షను బళ్లలో చాలావాటికి, గేర్లో ఉండి యాక్సిలేటరు పూర్తిగా వదిలితే కంప్యూటరు పెట్రోలు దాదాపు ఆపేస్తుంది, చక్రమే ఇంజనుని తిప్పుతుంది. న్యూట్రలు వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పొయ్యాల్సి వస్తుంది. అంటే పొదుపనుకుని చేసేది ఖర్చు, పైగా ఇంజను పట్టు లేక బండి బ్రేకుల మీదే ఆధారపడుతుంది. ఘాటు రోడ్డులో అది ప్రాణాల మీదికి వస్తుంది.

పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు మా రోజుల్లోనూ సంతల్లో అమ్మేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో అమ్ముతున్నారు. అప్పుడూ పనిచెయ్యలేదు.

ఈ మధ్య అందరూ నేరం ఇథనాల్ మీదికి నెడుతున్నారు. నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదానికంటే మూడోవంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజం. 2021లో నీతి ఆయోగ్ వేసిన నివేదికలోనే పాత రకం ద్విచక్ర వాహనాలకి మూడు నాలుగు శాతం తగ్గొచ్చని రాశారు. శక్తి తగ్గిన ఇంధనాన్ని అదే ధరకి అమ్మడం నాకు న్యాయంగా తోచదు, గట్టిగానే చెబుతాను. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బళ్లున్నవాళ్లు రబ్బరు పైపులు, వాషర్లు ఒకసారి చూపించుకోవాలి. బండి నెలల తరబడి వాడకుండా ఉంచేటట్టయితే ఇథనాల్ తేమని పీల్చుకుంటుందని గుర్తుంచుకోవాలి. కానీ అరవై ఇవ్వాల్సిన బండి నలభై అయిదు ఇస్తుంటే పోయింది నూటికి ఇరవై అయిదు పాళ్లు. అందులో ఇథనాల్ వాటా కొంచెమే. మిగతాది గాలి లేని టైరు, ఎండిన చైను, పట్టేసిన బ్రేకు, ఆగని ఇంజను.

ఆ తేడాకి ఖరీదెంతో చెబుతాను. రోజుకి నలభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి నెలకి పన్నెండొందల కిలోమీటర్లు. అరవై ఇచ్చే బండికి ఇరవై లీటర్లు, నలభై అయిదు ఇచ్చేదానికి దాదాపు ఇరవై ఏడు. లీటరు వంద రూపాయలే అనుకున్నా, నిజానికి ఎక్కువే, ఏడొందల దాకా తేడా. జీతగాడు తట్టుకుంటాడు. అన్నం పొట్లాలు మోసే కుర్రాళ్ల సంగతి చూడండి. రోజుకి నూట ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడికి అదే తేడా నెలకి రెండు వేలు దాటుతుంది. వాడి ఇంటి అద్దెలో అది పెద్ద వాటా.

మా వీధికి వచ్చే ఒక కుర్రాణ్ణి ఆపి చైను చూపించాను. "తెలుసంకుల్, ఆగితే ఆర్డరు లేటవుద్ది" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. సిగ్నలు దగ్గర రైజ్ చేసేది సరదాకి కాదు, వాడి వెనక ఒక గడియారం తరుముతోంది. వాణ్ణి అంత తొందర పెట్టేవాళ్లు వాడి పెట్రోలు మాత్రం వాడి జేబుకే వదిలేశారు. మాకు బ్యాంకు నెలకింతని పెట్రోలు డబ్బు ఇచ్చేది, అది చాలదని మా యూనియన్ కొట్లాడేది కూడా. ఈ పిల్లలకి పొట్లం లెక్కన ఇచ్చే డబ్బులు కాక, తిరిగిన కిలోమీటర్లకి పెట్రోలు ఖర్చు విడిగా కట్టివ్వాలి. లీటరు ధర పెరిగినప్పుడల్లా అదీ పెరగాలి. చైనుకి ఆయిలు వేసుకుని గాలి పట్టించుకోవడానికి వారానికి అరగంట, జీతం కొయ్యకుండా, ఇవ్వాలి.